నడికట్టు

టమ్మీ టక్కులో రకాలుంటాయని నలభై మూడేళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు. కంట్లో శుక్లం తీసినట్టు, అపెండిక్సు తీసినట్టు అదీ ఒక ఆపరేషన్, డబ్బులు కడితే పొట్ట పోతుంది అనుకునేదాన్ని. తీరా విచారిస్తే హోటల్లో దోసెల జాబితాలా ఉంది. మినీ అట, ఫుల్ అట, ఎక్స్‌టెండెడ్ అట, నడుం చుట్టూ తిరిగొచ్చేది ఇంకోటట. ఏదో ఫ్రెంచి పువ్వు పేరు పెట్టిన రకం కూడా ఉంది. ప్రతిదానికీ మళ్ళీ లైపోసక్షన్ కలిపితే ఒక రేటు, కలపకపోతే ఒక రేటు. ఏ కంపెనీ ఏ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలో చెప్పి ఇరవయ్యేళ్ళుగా బతుకుతున్నదాన్ని, నా సొంత పొట్టకి ఏది కావాలో తేల్చుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

"నలుగురిలో చెప్పుకునే సంగతా అది?" అంది మా అమ్మ ఫోన్లో. మోకాలి చిప్పలు మార్పించుకున్నవాళ్ళు పేరంటాల్లో కూడా ఎక్స్‌రేలు చూపించి మరీ చెబుతారు. పొట్ట దగ్గరికొచ్చేసరికి మాత్రం మన గొంతు తగ్గిపోతుంది. అందుకే రాస్తున్నాను.

మా అమ్మాయి హైదరాబాదులో మామూలు కాన్పులో పుట్టింది. అయిదేళ్ళ తరువాత బాబు కువైట్‌లో సిజేరియన్, నాలుగు కిలోల నూట యాభై గ్రాములు. వాడికిప్పుడు తొమ్మిదేళ్ళు. నేను మరీ లావు మనిషినేం కాదు. చేతులు, కాళ్ళు, మొహం పెళ్ళినాటికి దగ్గర్లోనే ఉన్నాయి. పొట్ట ఒక్కటే అయిదో నెల దగ్గర ఆగిపోయింది. జమియాలో, అంటే మా రుమైథియా సహకార సంఘం సూపర్ మార్కెట్లో, క్యూలో నిలబడితే ఒక ఈజిప్టు పెద్దాయన పక్కకు జరిగి దారిచ్చి, "మబ్రూక్" అన్నాడు. శుభాకాంక్షలన్న మాట. థాంక్స్ చెప్పి ముందుకి వెళ్ళిపోయాను. క్యూ చాలా పెద్దదిగా ఉంది మరి.

అది నవ్వుకునే సంగతి. నవ్వుకోలేనివి వేరే ఉన్నాయి. మంచం మీద నుంచి లేస్తుంటే పొట్ట నడిమధ్యన నిలువుగా ఒక గట్టులాగా లేచేది. పావుగంట నిలబడి వంట చేస్తే నడుం పట్టేసేది. గట్టిగా తుమ్మాలంటే ముందు చెయ్యి బొడ్డు మీదకి పోయేది. అక్కడ ఉసిరికాయంత బుడిపె. నొక్కితే లోపలికి పోతుంది, వదిలితే వస్తుంది. మా ఆయన్నడిగితే, "నాకేం తేడా కనిపించట్లేదోయ్" అన్నారు. ఆ మాట ఎంత మంచిదో అంత పనికిరానిది.

మా అమ్మ దగ్గర దీనికి తొమ్మిదేళ్ళుగా ఒకటే కారణం సిద్ధంగా ఉంది: నడికట్టు. అమ్మాయి పుట్టినప్పుడు మూడోరోజు నుంచీ పాత నేత చీర మడతపెట్టి నా నడుముకి బిగించి కట్టేది. బాబు అప్పుడు కుట్లున్నాయని డాక్టరు వద్దన్నారు, అమ్మకి వీసా కూడా ఆలస్యమైంది. "అప్పుడు కట్టించుకుని ఉంటేనా..." అని ఇప్పటికీ అంటుంది.

మేముండే చోటు గురించి రెండు ముక్కలు చెప్పాలి. కువైట్‌లో తెలుగువాళ్ళు ఎక్కువగా సాల్మియా, అబ్బాసియా, మంగాఫ్, ఫహాహీల్ ఫ్లాట్లలో ఉంటారు. పండగలు, అసోసియేషన్లు, కర్రీ పాయింట్లు అన్నీ అటే. రుమైథియా ఎక్కువగా కువైటీ కుటుంబాలుండే పేట, అన్నీ విల్లాలు. అలాంటి ఒక విల్లా పై అంతస్తులో మేము అద్దెకుంటున్నాం. కింద ఇంటివాళ్ళు. ఇక్కడ తెలుగు వినాలంటే వెనక గుమ్మాల దగ్గరికి వెళ్ళాలి. పొద్దున్నే చెత్త డబ్బాల దగ్గర, సాయంత్రం పిల్లల బళ్ళు తోసే చోట, కార్లు కడిగే చోట రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి, గోదావరి యాసలు అన్నీ వినిపిస్తాయి. మా కింద ఇంట్లో పని చేసే అక్కది రాజంపేట దగ్గర పల్లె. వచ్చి పదిహేడేళ్ళయింది. ఆ ఇంటి ముసలమ్మగారికి చెయ్యీ కాలూ అక్కే.

ఇక డాక్టర్లు. మొదటాయన అద్దాల క్లినిక్కులో నన్ను నిలబెట్టి, చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, "మినీ చాలు" అన్నారు. సిజేరియన్ గీత కన్నా కాస్త పొడుగు కోత, బొడ్డు జోలికి పోరు, రెండు వారాల్లో ఆఫీసు. నాకు భలే నచ్చింది. చిన్న కోత, తక్కువ ఖర్చు, తక్కువ సెలవు. రెండో ఆయన హైదరాబాదు నుంచి వీడియోలో చూశారు. ఫుల్, దానికి తోడు నడుం చుట్టూ లైపోసక్షన్, "ఎలాగూ మత్తిస్తున్నాం కదమ్మా, చేతులు కూడా చేసేద్దాం" అన్నారు. పెళ్ళి క్యాటరింగ్ వాళ్ళు "ఎలాగూ వేస్తున్నాం కదా, ఇంకో స్వీటు పెట్టేద్దాం" అన్నట్టు. న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు, "వదినా, నేను మామీ మేకోవర్ చేయించుకున్నా, నువ్వూ అదే అడుగు" అంది. ముగ్గురివీ మూడు మాటలు.

మా ఆయన ఎక్సెల్ షీటు తెరిచారు. ఆయన క్వాలిటీ ఇంజనీరు, ఇంట్లో గొడవొచ్చినా షీటు తెరుస్తారు. కోత పొడవు, ఆపరేషన్ గంటలు, సెలవు రోజులు, దీనార్లు అని నాలుగు గళ్ళు గీశారు. ఆ లెక్కలో మినీ సులభంగా గెలిచింది.

మూడో డాక్టరు ఈజిప్టు ఆవిడ, నాకన్నా పదేళ్ళు పెద్దది. ఆవిడ నన్ను నిలబెట్టలేదు. వెల్లకిలా పడుకోమంది. తల మాత్రం దిండు మీద నుంచి కొంచెం ఎత్తమంది. ఎత్తగానే తన వేళ్ళు బొడ్డుకి పైన నిలువుగా దించింది. మూడున్నర వేళ్ళు లోపలికి దిగాయి. బొడ్డు కింద రెండు. "చూడు, నీ చెయ్యి పెట్టి నువ్వే చూడు" అంది. పెట్టాను. నా పొట్ట మధ్యలో ఒక సందు ఉంది. అటూ ఇటూ రెండు గట్లు, మధ్యలో మెత్తగా ఏమీ లేదు. ఇన్నేళ్ళుగా నా ఒంట్లోనే ఉన్న సందు.

ఆవిడ కాగితం మీద గీసి చెప్పింది. పొట్ట మీద నిలువుగా రెండు కండరాల పట్టీలుంటాయి, రొమ్ము ఎముక దగ్గర్నుంచి పొత్తికడుపు కింద దాకా. ఆ రెంటినీ మధ్యలో ఒక తెల్లటి నార లాంటి పొర కలిపి ఉంచుతుంది. కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ ఆ నార వెడల్పుగా సాగుతుంది. చాలామందికి కాన్పయిన కొన్ని నెలల్లో మళ్ళీ దగ్గరికొస్తుంది. కొందరికి రాదు. సుమారు రెండు సెంటీమీటర్లు దాటి సందు ఉండిపోతే దాన్ని డయాస్టాసిస్ అంటారు. ఇది హెర్నియా కాదు, ఎక్కడా చిల్లు పడలేదు, పొర పల్చబడి సాగిందంతే. నా బొడ్డు దగ్గర బుడిపె మాత్రం నిజంగానే హెర్నియా. రెండూ కలిసి ఉండడం మామూలేనట.

"మరి నడికట్టు?" అని అడిగాను, అమ్మ తరఫున. ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడానికి కాస్త కష్టపడ్డాను గానీ, వినగానే నవ్వింది. వాళ్ళ అమ్మ కూడా కట్టిందట. "నడుముకి ఆసరా, ప్రాణానికి హాయి. కానీ సాగిన నారని గుడ్డ కుట్టలేదు" అంది. కసరత్తు సంగతీ అడిగాను. కండరాలకి బలం వస్తుంది, నొప్పి తగ్గొచ్చు, చాలామందికి అదే సరిపోతుంది, ముందు ఆర్నెల్లు ఫిజియోథెరపీ చేసి రమ్మంది. ఆపరేషన్ అమ్ముకునే మనిషి ఆర్నెల్లు ఆగమంటే నాకు గురి కుదిరింది. చేశాను. నడుంనొప్పి సగం తగ్గింది. సందు మూడు వేళ్ళయింది. అక్కడ ఆగిపోయింది.

అప్పుడు రకాల సంగతి మళ్ళీ మొదటికొచ్చింది, కానీ ఈసారి ప్రశ్న మారింది. ఎంత కొయ్యాలి అని కాదు, ఎక్కడ తెగిందని. మా భాషలో చెప్పాలంటే ఇది స్క్రీను మీది సమస్య కాదు, వెనకాల డేటాబేసుది. లైపోసక్షన్ చర్మం కింద కొవ్వు మాత్రమే లాగుతుంది. వదులైన చర్మాన్నీ, విడిపోయిన కండరాన్నీ అది ముట్టుకోదు. నాకు అక్కడ కొవ్వు పెద్దగా లేదు. మినీలో బొడ్డు కింద చర్మమే తీస్తారు, కండరం కుట్టినా సాధారణంగా బొడ్డు కిందే. నా సందు వెడల్పంతా బొడ్డు పైన. కింద బిగించి పైన వదిలేస్తే బెలూన్ని కింద నొక్కినట్టు పైభాగం ఇంకా ముందుకొస్తుంది. ఫుల్ అంటే ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోత. చర్మాన్ని పక్కటెముకల దాకా లేపి, రెండు పట్టీల్నీ పైనుంచి కిందికి దగ్గరికి లాగి కుట్టి, చర్మం కిందికి లాగి మిగిలింది తీసేస్తారు. బొడ్డు తన కాడ మీద తన చోటే ఉంటుంది. దిగిన చర్మానికి కొత్త కన్నం చేసి దాన్ని బయటికి తీస్తారు. పాత సిజేరియన్ గీత తీసేసిన ముక్కతో పాటే పోతుంది. ఎక్స్‌టెండెడ్ అంటే కోత తుంటి దాటి వెనక్కి వెళ్తుంది. చుట్టూ చేసేదీ, నిలువూ అడ్డం రెండూ కోసే ఆ పువ్వు పేరుదీ యాభై, అరవై కిలోలు తగ్గి చర్మం వేలాడేవాళ్ళకి. చర్మం బిగువుగానే ఉండి సందు మాత్రమే ఉన్నవాళ్ళకి చిన్న చిన్న కన్నాలతో లోపల కుట్టేదీ ఒకటొచ్చింది. నా చర్మానికి అది కుదరదంది.

నాకున్న ఇంకో చిక్కు బొడ్డు హెర్నియా. ఫుల్‌లో బొడ్డు చుట్టూ కోస్తారు, హెర్నియాకి బొడ్డు కింద కుడతారు. రెండూ ఒకేసారి చేస్తే బొడ్డుకి రక్తం అందక పాడయ్యే అవకాశం ఉంది. నాది చిన్నది కాబట్టి ఒక పక్క నుంచే వెళ్ళి కుట్టేస్తానని, మిగతా పక్క నరాలు ముట్టుకోనని చెప్పింది. మొదటి ఇద్దరు డాక్టర్లూ ఆ బుడిపెని చూశారు గానీ ఈ మాట అనలేదు.

ఇదంతా అందం కోసమే పుట్టిందనుకుంటారు గానీ, 1899లోనే అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హోవర్డ్ కెల్లీ అనే గైనకాలజిస్టు వేలాడే పొట్ట కోసి తీసినట్టు రాసి ఉంది. అప్పటి గొడవ నడవడానికి, కూర్చోవడానికి అడ్డొచ్చే బరువు గురించి. ఇన్స్యూరెన్స్ వాళ్ళకి మాత్రం ఇప్పటికీ ఇది సోకే. నేను పని చేసేది ఆరోగ్య బీమా క్లెయిముల సిస్టమ్ మీద కాబట్టి ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. హెర్నియా కోడ్ పడితే పచ్చ, పొట్ట కండరాల కోడ్ పడితే ఎరుపు. షరతు వాళ్ళది, ప్రోగ్రాం మాది. ఒకే బల్ల మీద, ఒకే మత్తులో, ఒకే చేత్తో కుట్టే రెండు కుట్లలో ఒకటి జబ్బు, ఇంకోటి సరదా.

అమ్మకి చెప్పాక రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడోరోజు ఎత్తి, "ఆర్తి అగర్వాల్ సంగతి మర్చిపోయావా?" అంది. ఎలా మర్చిపోతాం? 2001లో 'నువ్వు నాకు నచ్చావ్' చూసిన తరం మాది. 2015 జూన్‌లో న్యూజెర్సీలో ముప్పయ్యొక్కేళ్ళకే ఆవిడ పోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని పేపర్లన్నీ రాశాయి. ఆ భయం ఉత్తిదే అని నేను అమ్మతో అనలేదు. కాస్మెటిక్ ఆపరేషన్లలో కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాటిలో టమ్మీ టక్ ఒకటి. అందుకే ఆవిడ లైపోసక్షన్ వద్దంది, చేతులూ వద్దంది. బల్ల మీద గంటలు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. సిగరెట్, షీషా తాగుతావా అని మూడుసార్లు అడిగింది. మా ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని అడిగింది. ఇంక పిల్లలు వద్దు అనుకున్నాకే చేస్తానంది, ఎందుకంటే మళ్ళీ గర్భం వస్తే కుట్టినదంతా సాగిపోతుంది.

ఈ చివరి ప్రశ్న మనవాళ్ళని అడగక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. సిజేరియన్లు చూస్తే ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. తెలుగు ఆడదాని పొట్ట మీద కత్తి పడని ఇల్లు వెతుక్కోవాలి. ఆ కత్తులకి ఎవరూ సోకు అని పేరు పెట్టలేదు.

ఇంటావిడకి ఎలా తెలిసిందో తెలిసింది. మా ఆయన హారిస్‌తో, అంటే వాచ్‌మన్‌తో, పార్కింగ్ గురించి మాట్లాడుతూ అన్నారేమో. ఒక సాయంత్రం టీకి పిలిచింది. ఆవిడ జీర్ణాశయం చిన్నది చేయించుకుని డెబ్భై కిలోలు తగ్గిన మనిషి. కువైట్‌లో ఆ ఆపరేషన్ చాలామంది చేయించుకుంటారు. తలుపు వేసి, దిష్‌దాషా పైకెత్తి, బొంగరంలా ఒక చుట్టు తిరిగి చూపించింది. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి ఒకటే గీత, మొలతాడు కట్టినట్టు. "బెల్టు!" అని గర్వంగా అంది. ఆ గీతకి సిగ్గు పడాలని ఆవిడకి తోచనే లేదు. నాకు ధైర్యం వచ్చింది ఆ సాయంత్రమే.

టీ తెచ్చిన అక్క అక్కడే నిలబడి చూసింది. నేను మెట్లెక్కుతుంటే వెనకే వచ్చి, "మేడం, బొడ్డు కాడ ఉబ్బుకి కూడా ఆపరేషన్ చేస్తారా?" అంది. చీర కొంగు జరిపింది. పొట్టకి పాత లుంగీ గుడ్డ బిగించి కట్టి ఉంది. విప్పితే నిమ్మకాయ కన్నా పెద్దది. ముగ్గురు పిల్లలు, ఇరవై మూడేళ్ళకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ఆ తరువాత పదిహేడేళ్ళుగా ఈ ఇంట్లో. రోజుకి ఆరుసార్లు ముసలమ్మగారిని మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి ఎత్తుతుంది. "గుడ్డ కట్టుకుంటే ఓర్చుకుంటా. రాత్రి పూట నొస్తాది" అంది.

పడుకోబెట్టి నేను చెయ్యి పెట్టి చూశాను. డాక్టర్ని కాను, కానీ ఆ సందు ఇప్పుడు నా వేళ్ళకి తెలుసు. నా కన్నా వెడల్పు.

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే ఒకటే మాట చెప్పింది. నొక్కితే లోపలికి పోయినంతకాలం ఆగొచ్చు, పోకుండా గట్టిపడి నొప్పి, వాంతులు వస్తే గంటల్లో ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, అంతదాకా తెచ్చుకోవద్దు అని. అది అలాగే ఇంటావిడకి చెప్పాను, ఇంగ్లీషులో సగం, నాకొచ్చిన అరబ్బీలో సగం. ఆవిడ మంచిది. పేట క్లినిక్కుకి తనే తీసుకెళ్ళింది, అక్కణ్ణించి ప్రభుత్వాసుపత్రికి రాయించింది, ఫీజులు కట్టింది. రెండు నెలల్లో అయిపోయింది. చిన్న కోత, లోపల వల, మర్నాటికి ఇల్లు. ఏ రకం కావాలి అని అక్కని ఎవరూ అడగలేదు. చిల్లు మూశారు. సందు అలాగే ఉంది, చర్మం అలాగే ఉంది. "నొప్పి పాయ, అది చాలు" అంది.

నెల పైన బరువెత్తొద్దని కాగితం మీద అరబ్బీలో రాసిచ్చారు. ఇంటావిడ తన తమ్ముడింటి నుంచి ఇంకో అమ్మాయిని పిలిపించింది. ముసలమ్మగారు ఆ పిల్ల చేతులు ఒప్పుకోలేదు. అరుపులు మా పై అంతస్తుకి వినిపించేవి. పదో రోజు నేను పెరుగు కోసం కిందికి వెళ్తే అక్కే ఎత్తుతోంది. "అదేంటక్కా?" అంటే, "ఆయమ్మ ఏడుస్తాంది మేడం, ఏం జేసేది?" అంది. నేను ఇంటావిడ కొడుక్కి చెప్పాను. కోపంగా చెప్పలేదు, ఆఫీసులో క్లయింటుకి చెప్పినట్టు చెప్పాను, ఫోన్లో వీడియో చూపించి. మనుషుల్ని జోలెలో కూర్చోబెట్టి మరతో ఎత్తే స్టాండొకటి దొరుకుతుంది. వారంలో కొనుక్కొచ్చాడు. ముసలమ్మగారు పగలు దాంట్లో ఎక్కుతుంది, రాత్రి ఎక్కదు. మిగతా వేళల్లో దాని కొక్కేనికి అబాయాలు వేలాడుతుంటాయి.

ఆ రాత్రి నేను మా ఆయన ఎక్సెల్ షీటు తెరిచి ఇంకో గడి గీశాను: బరువు ఎవరెత్తుతారు? ఫుల్ అయితే ఆరు వారాలు నాలుగైదు కిలోలు మించి ఎత్తకూడదు. మా ఇంట్లో నాలుగైదు కిలోలు దాటనిదేముంది? ఇరవై కిలోల సోనా మసూరి సంచీ, మంచినీళ్ళ పెద్ద క్యాను, తడి బట్టల బుట్ట, పప్పుతో నిండిన పెద్ద కుక్కరు, నిద్రపోయిన బాబు. ఒక్కొక్కటీ రాసి ఎదురుగా పేరు రాశాం. ఆయన నాలుగు వారాలు సెలవు పెట్టారు. అమ్మాయి కుక్కరు ఒప్పుకుంది, బట్టలకి బేరం పెట్టింది. హైదరాబాదు వద్దనుకున్నాం. అమ్మకి డెబ్భై రెండేళ్ళు, తెనాలి నుంచి వచ్చి నన్నెత్తలేదు. పైగా కోతతో అన్ని గంటలు విమానంలో కదలకుండా కూర్చోవడం రక్తానికి మంచిది కాదు. ఎండాకాలం కూడా వద్దు. కువైట్‌లో జూలైలో ఒంటికి బిగుతు బెల్టు వేసుకుని ఆరు వారాలు ఎవరుంటారు? డిసెంబరు అనుకున్నాం.

ఆపరేషన్ గురించి చెప్పడానికేం లేదు, నేను నిద్రపోయాను. మూడు గంటలు పట్టిందట. లేచాక రెండు పక్కలా రెండు గొట్టాలు, చివర దానిమ్మకాయల్లా రెండు డబ్బాలు. లోపల ఊరే నీరు వాటిల్లోకి వస్తుంది. రోజూ కొలిచి రాసుకోవాలి. మా ఆయనకి ఇంతకన్నా ఇష్టమైన పని జన్మలో దొరకలేదు, గ్రాఫు కూడా గీశారు. ఏడో రోజు ఒకటి, పదో రోజు ఇంకోటి తీసేశారు. పది రోజులు నడుం వంచే నడవాలి, నిటారుగా నిలబడితే కుట్లు లాగుతాయి. మొదటి రాత్రి నుంచే లేపి నడిపించారు, కాళ్ళలో రక్తం ఆగకూడదని. నొప్పి సిజేరియన్ కన్నా ఎక్కువే, ఎవరైనా తక్కువన్నా నమ్మకండి.

అన్నిటికన్నా కష్టం మంచం దిగడం. డాక్టర్లు కాగితం ఇచ్చారు, ఫిజియో బొమ్మ చూపించింది, నాకు రాలేదు. ఇంటికొచ్చిన మర్నాడు అక్క పైకి వచ్చింది, చేతిలో రాగి జావ. "అట్ల కాదు. మోకాళ్ళు మడువు. ఇప్పుడు దుంగ పొర్లినట్టు పక్కకి తిరుగు. కాళ్ళు కిందికి జార్చు. చేత్తో తోసుకో, పొట్టతో లెయ్యద్దు" అంది. లేచాను. రోజూ సాయంత్రం ఒక గంట ఇంటావిడ పంపేది, లేకపోతే ఆవిడకి చెప్పకుండా అక్కే వచ్చేదో నేనడగలేదు. ఇంత బిగుతు బెల్టు కొక్కేలు ఒక్క చేత్తో పెట్టే విద్య అక్కకే వచ్చు.

అమ్మ వీడియోలో ఆ బెల్టు చూసి, "అది నడికట్టే కదే" అంది. ఔనన్నాను. ఏం చెప్పను?

ఆరో వారం డాక్టరమ్మ పడుకోబెట్టి తల ఎత్తమంది. వేళ్ళు దించబోయింది, దిగలేదు. బొడ్డు నల్లబడలేదు, నయమైంది. బొడ్డు కింద చర్మానికి ఇంకా స్పర్శ లేదు, గోకితే ఎవరి పొట్టో గోకినట్టుంటుంది. నెలల మీద వస్తుందన్నారు, కొంత రాకపోవచ్చు కూడా అన్నారు. చెవుల దగ్గర దోమ కుట్టినా నడుం వంచకుండా వంటింట్లో గంట నిలబడుతున్నాను. తుమ్ముతున్నాను. బాబు మాత్రం టీవీ చూస్తూ తల పెట్టుకునే దిండు పోయిందని అలిగాడు. హెర్నియా డబ్బు బీమా నుంచి వచ్చింది, మిగతాది ఎరుపు.

మొన్న అక్క గీత చూపించమంది. చూపించాను. తన జాన పెట్టి కొలిచింది. "జానెడు, ఇంకో జానెడు, ఒక బెత్తెడు" అని లెక్క పెట్టింది. తనది అర బెత్తెడట. కాసేపు చూసి, "బొడ్డు బాగా పెట్నారు" అంది. తరువాత పడుకుని, తల ఎత్తి, నా చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది. వల ఉన్నచోట గట్టిగా ఉంది. దానికి పైన నా మూడు వేళ్ళూ దిగాయి. ఫిజియో నాకు నేర్పిన కసరత్తుల్లో మొదటిది, ఊపిరి వదులుతూ పొట్ట లోపలికి తీసుకునేది, ఇద్దరం పక్కపక్కన చాప మీద పడుకుని పదిసార్లు చేశాం. ఏడోసారికి కింద నుంచి ముసలమ్మగారి కేక వినిపించింది. అక్క దుంగలా పక్కకి పొర్లి, చేత్తో తోసుకుని లేచి, "మిగతా మూడు రేపు" అంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.